ప్రింటరు పలకనప్పుడు: దారి తెగినదా, అనుమతి లేదా?

కాగితం లేని కార్యాలయాన్ని గురించి ఎన్నో ఏళ్ళుగా వింటున్నాము. అయినప్పటికీ మన వంటి ప్రభుత్వ రంగ సంస్థలలో కాగితం అవసరం ఇంకా తీరలేదు. గేటు పాసు, సరుకు రసీదు, సంతకానికి వెళ్ళవలసిన నోటు, ఆడిటు వారికి చూపవలసిన పట్టిక ఇప్పటికీ అనేక చోట్ల కాగితం మీదనే చేతులు మారుతున్నవి. నెలాఖరు రోజున అకౌంట్స్ విభాగంలో ప్రింటరు నిలిచిపోతే బిల్లుల మంజూరు ఆగుతుంది. స్టోర్సులో నిలిచిపోతే గేటు వద్ద లారీ ఆగుతుంది.

అటువంటి వేళ మా కంప్యూటరు విభాగానికి వచ్చే ఫోనులో సాధారణంగా వినిపించేది ఒకే వాక్యం: "ప్రింటు రావడం లేదు." జ్వరం అన్న మాట వలెనే ఇది లక్షణమే గాని వ్యాధి పేరు కాదు. దీని వెనుక ఉండగల కారణాలు చాలా ఉన్నా, వాటిని రెండు తెగలుగా విభజించవచ్చును. మొదటిది దారి తెగుట, అనగా మన కంప్యూటరుకు, సర్వరుకు, ప్రింటరుకు నడుమ ఎక్కడో సంబంధం లేకపోవుట. రెండవది అనుమతి లేకపోవుట, అనగా దారి సక్రమంగా ఉన్నా సర్వరు మనలను గుర్తించక, లేదా గుర్తించి కూడా, లోనికి రానీయకపోవుట. ఈ రెండింటినీ వేరు చేయకుండా చికిత్స ప్రారంభించుట వలననే కాలహరణమూ, అంతకంటె ముఖ్యముగా భద్రతా లోపాలూ కలుగుతున్నవి. సహోద్యోగులందరికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఈ విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

కాగితం ప్రయాణించే దారి

మనం ప్రింటు మీట నొక్కగానే ఆ పత్రం నేరుగా ప్రింటరుకు వెళ్ళదు. ముందుగా మన కంప్యూటరులోని స్పూలరు అనే సేవ దానిని అందుకొంటుంది. స్పూలు అనగా నూలు చుట్టే కండె. మగ్గానికి అవసరమైనప్పుడు అందించుటకు నేత పనివారు నూలును కండెకు చుట్టి ఉంచినట్లే, ప్రింటరుకు తీరిక దొరికే వరకు ఈ సేవ పత్రాన్ని దాచి ఉంచుతుంది. తరువాత ఆ పత్రం నెట్‌వర్క్ మీదుగా సర్వరులోని స్పూలరును చేరి అక్కడి వరుసలో నిలబడుతుంది. తన వంతు రాగానే సర్వరు దానిని ప్రింటరు చిరునామాకు పంపుతుంది. నేటి ప్రింటర్లలో అధిక భాగం దీని కొరకు 9100 సంఖ్య గల పోర్టును వాడుతున్నవి. పాత ఎల్.పి.డి. పద్ధతికి 515, ఐ.పి.పి. అనే ఇంటర్నెట్ ప్రింటింగ్ పద్ధతికి 631 నిర్ణయింపబడినవి.

కనుక ఈ దారిలో రెండు మజిలీలు ఉన్నవి. ఒకటి కంప్యూటరు నుండి సర్వరుకు, రెండవది సర్వరు నుండి ప్రింటరుకు. ఉద్యోగి ఎవరు, అతనికి హక్కు ఉన్నదా అన్న విచారణ ఎక్కువగా మొదటి మజిలీలోనే జరుగుతుంది. సర్వరు నుండి ప్రింటరుకు పోయే రెండవ మజిలీలో వచ్చే ఇబ్బందులు చాలా వరకు దారికి సంబంధించినవే.

ముందుగా నాలుగు ప్రశ్నలు

ఏ మార్పూ చేయక ముందే నాలుగు ప్రశ్నలు వేసికొనుట మంచిది.

మొదటిది: ఇబ్బంది ఒక్కరికేనా, ఆ ప్రింటరును వాడే అందరికీనా? ఒక్కరికే అయితే ఆ కంప్యూటరులోనో, ఆ ఉద్యోగి ఖాతాలోనో కారణం ఉండవచ్చును. అందరికీ అయితే సర్వరు వైపు చూడవలెను.

రెండవది: ఒక్క ప్రింటరు మాత్రమే నిలిచినదా, సర్వరులోని ప్రింటర్లన్నియూ నిలిచినవా? అన్నియూ నిలిస్తే స్పూలరు సేవ ఆగిపోయి ఉండవచ్చును, లేదా సర్వరు డిస్కులో చోటు నిండిపోయి ఉండవచ్చును.

మూడవది: మనం పంపిన పత్రం సర్వరులోని వరుసలో కనిపిస్తున్నదా? ఇది అన్నిటికంటె విలువైన ప్రశ్న. పత్రం వరుసలో చేరి అక్కడే నిలిచి ఉంటే సర్వరు మనలను అనుమతించినట్లే. ఇక చూడవలసినది ప్రింటరు వైపు. వరుసలో అసలు కనిపించకపోతే మొదటి మజిలీలోనే అడ్డు ఏర్పడినదని గ్రహించవలెను.

నాలుగవది: సర్వరు నుండి పంపిన పరీక్ష పుట అచ్చవుతున్నదా? అచ్చయితే రెండవ మజిలీ నిర్దోషి.

ఈ నాలుగింటికి జవాబులు తెలిసికొనుటకు ఐదు నిమిషాలు చాలును. ఆ ఐదు నిమిషాలు వెచ్చించకుండా డ్రైవరును తొలగించి తిరిగి పెట్టుట మొదలిడితే, వ్యాధి ఒక చోట, మందు ఇంకొక చోట అవుతుంది.

దారి తెగినప్పుడు

పత్రం వరుసలో నిలిచిపోయి, సర్వరు పరీక్ష పుట కూడా రానప్పుడు ప్రింటరు చిరునామాను పరిశీలించవలెను. నెట్‌వర్క్‌లో చిరునామాలను పంచిపెట్టే డి.హెచ్.సి.పి. సేవ ఒక్కొక్క యంత్రానికి కొంత గడువుతో చిరునామా ఇస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడో, సెలవుల తరువాత ప్రింటరును తిరిగి వెలిగించినప్పుడో దానికి వేరొక చిరునామా రావచ్చును. సర్వరు మాత్రం పాత చిరునామాకే పత్రాలు పంపుతూ ఉంటుంది. ఇల్లు మారిన వ్యక్తికి పాత ఇంటికి ఉత్తరాలు వెళ్ళుట వంటిదే ఇది.

ప్రింటరు మీది పలక నుండి అమరిక పుటను అచ్చు వేసి, అందులోని చిరునామాను సర్వరులో నమోదైన పోర్టు చిరునామాతో పోల్చి చూస్తే సంగతి తేలుతుంది. రెండూ ఒకటే అయినప్పటికీ పత్రం కదలకపోతే, సర్వరు నుండి ఆ చిరునామాకు పింగ్ చేసి, తరువాత 9100 పోర్టు తెరచి ఉన్నదో లేదో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో చూడవచ్చును. పింగుకు జవాబు వచ్చి పోర్టు మాత్రం తెరచుకోకపోతే నడుమ ఫైర్‌వాల్ ఉన్నదేమో, అదే చిరునామాను మరొక యంత్రం వాడుచున్నదేమో విచారించవలెను. శాశ్వత పరిష్కారం ఒకటే: ప్రతి ప్రింటరుకు డి.హెచ్.సి.పి. సర్వరులో ఒక చిరునామాను రిజర్వు చేసి ఉంచుట.

ఇంకొక వింత పరిస్థితి కూడా కలదు. ప్రింటరు వెలుగుతూనే ఉంటుంది, పింగుకు జవాబిస్తుంది, కాని సర్వరు దానిని ఆఫ్‌లైన్ అని చూపుతుంది. విండోస్ సర్వరు పోర్టు అమరికలో ఎస్.ఎన్.ఎం.పి. స్థితి పరిశీలన అనే గడి ఒకటి ఉన్నది. సర్వరు ఆ పద్ధతిలో ప్రింటరును పలకరించినప్పుడు జవాబు రాకపోతే, యంత్రం పని చేస్తున్నా చేయనట్లే లెక్క కడుతుంది. భద్రత కొరకు ప్రింటరులో ఎస్.ఎన్.ఎం.పి.ని మూసివేసిన చోట్ల, లేదా దాని సంకేతపదం మార్చిన చోట్ల ఇది కనిపిస్తుంది. ప్రింటరులోనూ సర్వరులోనూ ఒకే సంకేతపదం ఉంచుట, లేదా ఆ గడిలోని గుర్తును తీసివేయుట దీనికి పరిష్కారం.

వరుసలో ముందున్న ఒక చెడిన పత్రం తక్కిన వాటినన్నిటినీ అడ్డగించుట మరొక సామాన్య విషయం. అప్పుడు స్పూలరు సేవను ఆపి, సిస్టమ్32 లోని స్పూల్ ఫోల్డరు లోపల గల ప్రింటర్స్ ఫోల్డరులోని ఫైళ్ళను తొలగించి, సేవను తిరిగి ప్రారంభించవలెను. అయితే ఆ సర్వరులోని ఇతర ప్రింటర్లకు వేచి ఉన్న పత్రాలు కూడా దీనితో పోవును గావున, ముందుగా అందరికీ తెలియజేయుట మర్యాద.

అనుమతి అడ్డగించినప్పుడు

పత్రం వరుసలోనికి రాక, తెర మీద "యాక్సెస్ డినైడ్" అన్న సందేశం వచ్చినప్పుడు చాలా మంది దానిని యంత్రం మొండితనంగా భావిస్తారు. నిజానికి అది సర్వరు స్పష్టంగా ఇచ్చిన జవాబు. దారి బాగున్నది, నీ మాట నాకు చేరినది, కాని నీకు ఇక్కడ హక్కు లేదని అది చెప్పుచున్నది. ఈ సందేశం చూచి కేబులు తనిఖీ చేయుట వృథా శ్రమ.

విండోస్ సర్వరులో ఒక ప్రింటరుకు ప్రధానంగా మూడు హక్కులు ఉంటవి. మొదటిది అచ్చు వేయు హక్కు. రెండవది వరుసలోని పత్రాలను నిలుపుటకు, తొలగించుటకు వీలు కల్పించే పత్ర నిర్వహణ హక్కు. మూడవది ప్రింటరు అమరికలను, చివరకు ఈ హక్కులనే మార్చగల ప్రింటరు నిర్వహణ హక్కు. సహజ అమరికలో అందరికీ మొదటి హక్కు ఉంటుంది. పత్రం పంపినవారికి తమ పత్రం వరకు రెండవ హక్కు ఉంటుంది. అధికారిక నిర్వాహకులకు మూడూ ఉంటవి. కొన్ని విభాగాలలో జీతాల వివరాలు, టెండరు పత్రాలు వంటివి అచ్చు వేసే ప్రింటర్లకు అందరి హక్కును తొలగించి, ఆ విభాగపు గ్రూపుకు మాత్రమే ఇచ్చుట సముచితమైన పద్ధతి.

ఇక్కడ ఒక ఉదాహరణ తీసికొందాము. స్టోర్సు నుండి అకౌంట్సు విభాగానికి ఒక ఉద్యోగి బదిలీ అయినాడనుకొందాము. నిర్వాహకుడు అతనిని ఉదయం 11 గంటలకు అకౌంట్సు గ్రూపులో చేర్చినాడు. 12 గంటలకు కూడా ఆ ఉద్యోగికి అనుమతి నిరాకరణే వస్తున్నది. నిర్వాహకుడు పట్టికలో చూస్తే పేరు ఉన్నది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడుట లేదు. ఉద్యోగి ఉదయం కంప్యూటరులో ప్రవేశించినప్పుడు అతను ఏయే గ్రూపులకు చెందినవాడో వ్రాసిన గుర్తింపు చీటీ ఒకటి తయారైనది. గ్రూపులో ఎప్పుడు చేర్చినా పాత చీటీ మారదు. అతను ఒకసారి పూర్తిగా లాగాఫ్ అయి తిరిగి లాగిన్ అయితే క్రొత్త చీటీ వస్తుంది, పని సాగుతుంది. బదిలీల కాలంలో వచ్చే ఇటువంటి ఫిర్యాదులకు ఈ చిన్న పని చాలాసార్లు సరిపోతుంది.

దీనికి విరుద్ధమైన స్థితి కూడా ఉన్నది. పాత విభాగపు గ్రూపు నుండి పేరు తొలగించకపోవుట వలన, ఆ గ్రూపుకు ఎక్కడైనా నిషేధం వ్రాసి ఉంటే అది క్రొత్త హక్కును కూడా అడ్డగిస్తుంది. ఒకే ప్రింటరు పట్టికలో ఒక గ్రూపు ద్వారా అనుమతి, మరొక గ్రూపు ద్వారా నిషేధం ఉన్నప్పుడు నిషేధమే నెగ్గుతుంది. అందువలన నిషేధాన్ని అరుదుగా వాడి, అవసరమైన వారికి మాత్రమే అనుమతి ఇచ్చుట మేలు.

గడియారం కూడా ఒక కారణం కాగలదంటే ఆశ్చర్యం కలుగవచ్చును. డొమైను పద్ధతిలో గుర్తింపు కొరకు వాడే కెర్బరోస్ విధానంలో ప్రతి చీటీ మీద సమయం ముద్రింపబడుతుంది. సహజ అమరిక ప్రకారం రెండు యంత్రాల గడియారాల నడుమ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే ఆ చీటీని తిరస్కరించవచ్చును. పాత కంప్యూటరులో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడెల్లా గడియారం వెనుకకు పోతుంది. సైబరు భద్రత కొరకు ఏర్పడిన జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలలో కంప్యూటర్ల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వారి సమయ సర్వర్లతో సరిచూచుకొనవలెనని ఉన్నది. ఆ ఆదేశాన్ని పాటించుట వలన ప్రింటరుకు కూడా మేలు జరుగుతుందన్న మాట.

పాస్‌వర్డు మార్చిన తరువాత కంప్యూటరులో పాతది భద్రపరచబడి ఉండుట మరొక కారణం. కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజరులో ఆ సర్వరు పేరిట ఉన్న పాత నమోదును తొలగిస్తే సరిపోతుంది.

2021లో వచ్చిన మార్పు

కొన్ని సంవత్సరాల క్రితం ఎంతో సులభంగా కలిసిన ప్రింటర్లు ఇప్పుడు నిర్వాహకుని పాస్‌వర్డు అడుగుచున్నవేమని పలువురు మమ్ములను ప్రశ్నిస్తుంటారు. దీనికి ఒక చరిత్ర ఉన్నది.

2021 జూన్ చివరలో విండోస్ స్పూలరులోని ఒక పెద్ద లోపం బయటపడినది. ప్రింట్‌నైట్‌మేర్ అను పేరుతో అది ప్రసిద్ధమైనది. ప్రింటరు డ్రైవరును పెట్టుచున్నట్లు నటించి, సామాన్య వినియోగదారు ఖాతాతోనే సర్వరు మీద సంపూర్ణ అధికారం పొందుటకు ఆ లోపం వీలు కల్పించినది. మైక్రోసాఫ్ట్ సంస్థ తన నెలవారీ తేదీ కొరకు వేచి ఉండక జూలై 6న ప్రత్యేక సవరణ విడుదల చేసినది. ఆగస్టు 10 నాటి సవరణతో, ప్రింటరు డ్రైవర్లు పెట్టుటకు నిర్వాహకుని హక్కు తప్పనిసరి అయినది. నేడు మనం చూచే పాస్‌వర్డు ప్రశ్న అప్పటిదే.

అదే సంవత్సరం సెప్టెంబరు 14న మరొక సవరణ అమలులోనికి వచ్చినది. కంప్యూటరుకు, సర్వరు స్పూలరుకు మధ్య సంభాషణ సంకేత భాషలో సాగవలెనని ఇది నిర్బంధించినది. సర్వరుకు ఈ సవరణ అంది, కంప్యూటరుకు అవసరమైన సవరణలు అందనప్పుడు "0ఎక్స్0000011బి" అన్న లోప సంఖ్య తెర మీద కనిపించసాగినది. 2020 జనవరి 14తో సాధారణ మద్దతు ముగిసిన విండోస్ 7 యంత్రాలు మిగిలి ఉన్న కార్యాలయాలలో ఈ చిక్కు ఎక్కువ. 2022లో వచ్చిన విండోస్ 11 సవరణ నుండి ఈ సంభాషణ సాగే మార్గం కూడా మారినది. పాత మార్గాన్ని మాత్రమే అనుమతించే ఫైర్‌వాల్ నడుమ ఉంటే అనుమతి లోపం వలె కనిపించే సంబంధ లోపం ఏర్పడుతుంది.

అడ్డదారి ఎందుకు వద్దు

పని ఆగిపోయిన తొందరలో మూడు అడ్డదారులు ఎదురుగా కనిపిస్తవి. ఒకటి, భద్రతా సవరణను తొలగించుట. రెండు, రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేసి ఆ రక్షణను ఆపివేయుట. మూడు, ప్రింటరు మీద అందరికీ సంపూర్ణ హక్కు ఇచ్చుట. మూడింటితోనూ ప్రింటు వెంటనే వస్తుంది. అందువలననే అవి ప్రమాదకరమైనవి. ప్రింటు వచ్చిన తరువాత ఆ తలుపు తెరచి ఉన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

స్పూలరు ద్వారా శత్రువు ప్రవేశించుట ఊహాజనితం కాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే దుష్ట ప్రోగ్రాము కర్మాగారాల నియంత్రణ యంత్రాలను లక్ష్యంగా చేసికొన్నది. ఒక కంప్యూటరు నుండి మరొక దానికి పాకుటకు అది వాడిన మార్గాలలో విండోస్ ప్రింట్ స్పూలరులోని లోపం ఒకటి. సిమాంటెక్ సంస్థ లెక్కల ప్రకారం అది సోకిన కంప్యూటర్ల సంఖ్యలో ఇరాన్, ఇండోనేషియాల తరువాత మూడవ స్థానం మన దేశానిది. యంత్రాలతో, ఉత్పత్తితో పని గల ప్రభుత్వ రంగ సంస్థలకు ఈ పాఠం ప్రత్యేకంగా వర్తిస్తుంది.

అందరికీ సంపూర్ణ హక్కు ఇచ్చినందువలన లోపలి నష్టం కూడా ఉన్నది. ఎవరైనా ఇతరుల పత్రాలను వరుస నుండి తొలగించవచ్చును. ప్రింటరు చిరునామాను మార్చి పత్రాలను మరొక గదిలోని యంత్రానికి మళ్ళించవచ్చును. రహస్య నివేదిక ఎవరి చేతికి చేరినదో చెప్పుట కష్టమవుతుంది.

సరియైన దారి కొంత ఓర్పుతో కూడినది. సర్వరుకు, కంప్యూటర్లకు సవరణలన్నీ పెట్టించవలెను. ఒక విభాగానికి కావలసిన డ్రైవర్లను నిర్వాహకుడే ముందుగా అన్ని కంప్యూటర్లలో పెట్టి ఉంచవలెను. అప్పుడు ఉద్యోగి ప్రింటరును కలుపుకొన్నప్పుడు పాస్‌వర్డు ప్రశ్న రాదు. హక్కులను వ్యక్తుల పేరిట గాక గ్రూపుల పేరిట ఇవ్వవలెను. లాగిన్ సర్వరు అయిన డొమైను కంట్రోలరును ప్రింట్ సర్వరుగా వాడక, దానిలో స్పూలరును ఆపి ఉంచవలెను.

లైనక్స్ సర్వర్లు ఉన్న చోట

లైనక్స్ ఆధారిత సర్వర్లలో కప్స్ అనే వ్యవస్థ ఈ పని చేస్తుంది. పేర్లు మారినా విచారణ క్రమం మారదు. ఎల్.పి.స్టాట్ ఆదేశం వరుస స్థితిని చూపుతుంది. సహజ అమరికలో ఒక పత్రం ప్రింటరుకు చేరక విఫలమైతే కప్స్ ఆ ప్రింటరు వరుసనే ఆపివేస్తుంది. తరువాత కేబులు సరి చేసినా, కప్స్ఎనేబుల్ ఆదేశం ఇచ్చే వరకు అది కదలదు. దీనిని యంత్రం చెడినదని పొరబడరాదు. "ఫర్బిడెన్" అన్న జవాబు వస్తే అది దారి లోపం కాదు. ఏయే చిరునామాల నుండి వచ్చే కోరికలను అంగీకరించవలెనో తెలిపే అమరిక ఫైలును, నిర్వాహకుల గ్రూపు సభ్యత్వాన్ని పరిశీలించవలెను.

నమోదు పుస్తకం

విండోస్ సర్వరులో ప్రతి ముద్రణను నమోదు చేసే ఆపరేషనల్ లాగ్ ఒకటి ఉన్నది. సహజ అమరికలో అది ఆపి ఉంచబడుతుంది. దానిని తెరచి ఉంచితే 307 సంఖ్య గల నమోదులో ఎవరు, ఏ కంప్యూటరు నుండి, ఏ ప్రింటరు మీద, ఎన్ని పుటలు అచ్చు వేసినదీ వ్రాయబడుతుంది. ఇబ్బంది ఏ మజిలీలో ఉన్నదో తెలిసికొనుటకూ, రహస్య పత్రాల విషయంలో జవాబుదారీకీ ఇది ఆధారం. పైన పేర్కొన్న 2022 నాటి ఆదేశాల ప్రకారం కంప్యూటరు వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచవలసి ఉన్నది కనుక, దీనిని ఇప్పుడే తెరచుట ఉచితం.

సహోద్యోగులకు మనవి

ఇకపై మా విభాగానికి ఫోను చేయునప్పుడు "ప్రింటు రావడం లేదు" అన్న మాటతో పాటు ఐదు సంగతులు తెలుపగోరుచున్నాము: ప్రింటరు పేరు, తెర మీద కనిపించిన సందేశం లేదా లోప సంఖ్య యథాతథంగా, ఇబ్బంది మీకొక్కరికేనా అందరికీనా, పత్రం వరుసలో కనిపిస్తున్నదా, ఈ మధ్య మీ పాస్‌వర్డు గాని, కుర్చీ గాని, విభాగం గాని మారినదా. సందేశాన్ని చదవకుండానే మూసివేయుట చాలా మందికి అలవాటు. దయచేసి ఒక్క క్షణం ఆగి దానిని వ్రాసికొనండి, లేదా ఫోటో తీసి ఉంచండి.

విభాగాధికారులకు మరొక మనవి. ఉద్యోగి బదిలీ ఉత్తర్వు ప్రతిని మాకు అదే రోజున పంపినచో పాత గ్రూపు నుండి తొలగించుట, క్రొత్త గ్రూపులో చేర్చుట ఒకేసారి జరుగుతుంది. తొందర పని ఉన్నదని మరొకరి లాగిన్‌తో అచ్చు వేయించవద్దు. నమోదులో ఆ పత్రం వారి పేరిట నిలుస్తుంది, రేపు ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పవలసినది కూడా వారే.

నెలాఖరున అనుమతి నిరాకరణ సందేశం వచ్చినప్పుడు విసుగు కలుగుట సహజం. మీ విభాగపు జీతాల పట్టికను వేరొకరు అచ్చు వేయబోయినప్పుడు వారిని ఆపేది కూడా ఆ సందేశమే. దానిని తొలగించుమని గాక, మీ హక్కును సరి చేయుమని మమ్ములను కోరగలరని ఆశిస్తున్నాము.